బిల్డ్ మెషీన్ నుంచి పంపిన ప్యాకేజీ సర్వర్లలో మారిపోతోందా?

సమస్య: బెంగళూరు ఆఫీసులోని బిల్డ్ మెషీన్ (సోర్స్ కోడ్ నుంచి ప్యాకేజీలు తయారుచేసే కంప్యూటర్) మీద ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు మీకు కావలసిన మాడ్యూల్ (అదనపు భాగం) కలిపి ప్యాకేజీ చేశారు. సొంత రిపోజిటరీలో (ప్యాకేజీల నిల్వలో) పెట్టి, డెబియన్ 12 లినక్స్ సర్వర్లన్నిటికీ ఎక్కించారు. కొన్ని వారాలు ఏ ఇబ్బందీ లేదు. ఒక రోజు రెండు మూడు సర్వర్లలో మాత్రం మాడ్యూల్ మాయమవుతుంది. కాన్ఫిగరేషన్‌ను పరీక్షిస్తే ‘అన్‌నోన్ డైరెక్టివ్’ అని తప్పు చూపిస్తుంది.

వెంటనే జట్టులోని కుర్రవాళ్ళు అడిగేది ఒకటే: “అన్నా, బిల్డ్ పాడైనట్టుంది, మళ్ళీ చేసి పంపనా?” వద్దు. ముందు ఆ సర్వర్లో, డెబియన్‌లో ప్యాకేజీలు ఎక్కించే సాధనమైన ఆప్ట్ ఆదేశం ‘ఆప్ట్-క్యాష్ పాలసీ’ని ఆ ప్యాకేజీ పేరుతో నడపండి. ఇప్పుడున్న వెర్షన్ ఏది, అది ఏ రిపోజిటరీది, దాని ప్రాధాన్యం ఎంత అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. అర నిమిషం పని. దీన్ని వదిలేసి గంటల తరబడి బిల్డ్ లాగ్‌లు తిరగేయడం చూస్తే బాధేస్తుంది.

అసలు కారణం: చాలాసార్లు అక్కడ కనిపించేది మీ ప్యాకేజీ కాదు, డెబియన్ భద్రతా రిపోజిటరీది. మీరు డెబియన్ వెర్షన్ నంబరు 1.22.1-9 వెనక ఊరి పేరు తగిలించి 1.22.1-9+బిఎల్ఆర్1 అని పెట్టారనుకుందాం. డెబియన్ భద్రతా సవరణ 1.22.1-9+డిఈబి12యు1 పేరుతో వస్తుంది. ప్యాకేజీలను నిర్వహించే డెబియన్ సాధనం డీపీకేజీ, వెర్షన్లను పోల్చేటప్పుడు అక్షరాలను ఇంగ్లీషు అక్షరమాల వరుసలో చూస్తుంది. ‘బి’ కన్నా ‘డి’ తరవాతిది, కాబట్టి డెబియన్‌దే కొత్తదని తేల్చేస్తుంది. చెన్నై వాళ్ళు సీహెచ్ఎన్ అని పెట్టినా గతి ఇంతే. అనుమానముంటే ‘డీపీకేజీ --కంపేర్-వెర్షన్స్’తో పోల్చండి. తెర మీద ఏమీ రాదు, ఎగ్జిట్ కోడ్ సున్నా అయితే మీరు అడిగిన పోలిక నిజం.

కొన్ని సర్వర్లే ఎందుకు మారాయంటే, భద్రతా సవరణలను తనంతట ఎక్కించే సాధనం అనటెండెడ్-అప్‌గ్రేడ్స్‌ను నడిపే టైమర్ ఉదయం 6 గంటలకు పెట్టి ఉంటుంది, దానికి 60 నిమిషాల లోపు యాదృచ్ఛిక ఆలస్యం కలుస్తుంది. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే మనకు అది 11:30 నుంచి 12:30 మధ్య. ఆ గంటలో ఒక్కొక్కటిగా మారుతుంటాయి. పైగా ఆ సాధనం తొలి అమరికలో డెబియన్ మూలాలనే అనుమతిస్తుంది. అందుకే డెబియన్‌ది తనంతట వచ్చేస్తుంది, మీది రాదు.

పరిష్కారం: ప్రిఫరెన్సెస్.డి డైరెక్టరీలో మీ రిపోజిటరీకి, ఆ ప్యాకేజీల వరకే పిన్ (ఏ రిపోజిటరీకి ఎంత ప్రాధాన్యమో ఆప్ట్‌కు చెప్పే నియమం) పెట్టండి. మామూలు ప్రాధాన్యం 500. ఇప్పటికే మారిపోయిన సర్వర్లు వెనక్కి రావాలంటే 1001 ఇవ్వండి. ప్యాకేజీని ఉన్న వెర్షన్ దగ్గరే ఆపే ‘ఆప్ట్-మార్క్ హోల్డ్’ జోలికి పోకండి, అది మీ కొత్త ప్యాకేజీని కూడా ఆపేస్తుంది. అనటెండెడ్-అప్‌గ్రేడ్స్ అనుమతించే మూలాల్లో మీ రిపోజిటరీని చేర్చండి.

పిన్ పెట్టిన క్షణం నుంచి ఆ ప్యాకేజీ భద్రత పూర్తిగా మీ బాధ్యత. డెబియన్ ఇచ్చే సవరణ ఇక సర్వర్లకు చేరదు. డెబియన్ భద్రతా ప్రకటనలకు చందాదారులు కండి. సవరణ వచ్చిన రోజే దాని సోర్స్ తీసుకుని, మీ మార్పు కలిపి, 1.22.1-9+డిఈబి12యు1+బిఎల్ఆర్1 అని బిల్డ్ చేయండి. పాత సోర్స్ మీదే కొత్త నంబరు వేసి పంపితే తెలిసిన రంధ్రాన్ని సర్వర్లన్నిటిలో తెరిచి ఉంచినట్టే. మీ మార్పు మారిన ప్రతిసారీ చివరి అంకె పెంచండి, ప్యాకేజీ మార్పుల పట్టీ రాసే ఆదేశం ‘డీసీహెచ్ --లోకల్’ ఆ పని తానే చేస్తుంది.

సంతకం కీ గడువు తీరడం, గడియారం తప్పడం, ఆర్మ్ ప్రాసెసర్ సర్వర్‌కు, ఇంటెల్, ఎఎండి ప్రాసెసర్ల కోసం చేసిన ఎఎండి64 ప్యాకేజీ మాత్రమే ఉండటం లాంటి కారణాలు అరుదు. మొదటి రెండూ ‘ఆప్ట్ అప్‌డేట్’ చేయగానే సందేశంలో కనిపిస్తాయి. మూడోదైతే పాలసీ జాబితాలో మీ రిపోజిటరీ పేరే ఉండదు.