కుక్క ఉందని ఇల్లు ఖాళీ చేయమంటున్నారా? ముందు కిందికి దిగి తూము చూడండి

కర్నూలులో కుక్కతో నాలుగు బాడుగ ఇళ్లు మారాను. తెలిసినవాళ్లకు, వాళ్లకు తెలిసినవాళ్లకు ఇల్లు వెతకడానికో, ఓనరుతో సర్దిచెప్పడానికో వెళ్లింది అంతకంటే చాలా ఎక్కువ. ప్రతిసారీ ఫోన్ ఒకేలా వస్తుంది: "అన్నా, ఖాళీ చేయమంటున్నారు, కుక్కంటే పడదంట, చట్టం ఏం చెప్తుంది?" చట్టం సంగతి తర్వాత చూద్దాం, ముందు కిందికి దిగి చూశావా అని అడిగితే ఇప్పటిదాకా ఒక్కరు కూడా చూశానని చెప్పలేదు. టీకాలు వేయించడం, బయటికి తీసుకెళ్తే గొలుసు వేయడం, దొడ్డికి పోతే ఎత్తేయడం మీరు చేస్తూనే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

కుక్క అనగానే "ఇల్లు ఇచ్చేశాం" అంటున్నారు

మీరు ఆ మాట ఎప్పుడు చెప్పారో గుర్తు చేసుకోండి. ఇల్లు నచ్చి, బాడుగ మాట్లాడుకుని, పాలు పొంగించే రోజు కూడా అనుకున్నాక "మాకు ఒక కుక్క ఉంది" అంటే ఎవరికైనా ఇన్నాళ్లూ దాచారనే అనిపిస్తుంది. మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి. చాలామంది కాదంటారు, అననివ్వండి, ఔనన్న ఇల్లు మాత్రం నిలుస్తుంది. వెళ్లేటప్పుడు టీకాల పుస్తకం పట్టుకెళ్లండి, పాత ఓనరు నంబరు ఇవ్వండి. ఆయన చెప్పే రెండు మంచి మాటలకున్న విలువ ఏ కాగితానికీ లేదు.

ఓనరు కింద ఉండి మిద్దె మీద బాడుగకిచ్చే ఇళ్లలో ఇంటాయన ఒప్పుకుంటే సరిపోదు. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లి ముగ్గు వేసేది ఎవరో కనుక్కుని ఆమెను అడగండి. ఇంట్లో మడి కట్టుకునే పెద్దావిడ ఉన్నా, నమాజు చేసుకునేవాళ్లు ఉన్నా కుక్క మెట్ల మీద వాళ్ల బట్టలకు తగలకుండా ఎలా తీసుకెళ్తారో మీరే ముందు చెప్పండి. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

ఒప్పుకున్నాక పదకొండు నెలల అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించండి: "బాడుగదారు ఒక కుక్కను ఈ ఇంట్లో ఉంచుకోవడానికి యజమాని సమ్మతించారు, దానివల్ల తలుపులకు, గోడలకు నష్టం జరిగితే బాడుగదారు బాగు చేయించాలి." రెండో సగం చూసే ఓనర్లు మొదటి సగానికి సంతకం పెడతారు.

అసోసియేషన్ వాళ్లు కుక్కలకు పర్మిషన్ లేదంటున్నారు, లిఫ్టు ఎక్కనివ్వడం లేదు

అసోసియేషన్ మాట, ఓనరు మాట వేరు వేరు. వీటిని కలిపేసి గొడవకు దిగుతారు చాలామంది. భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అసోసియేషన్ మెజారిటీతో తీర్మానం చేసినా పెంపుడు కుక్కల్ని నిషేధించడం కుదరదు, లిఫ్టు వాడినందుకు అదనంగా డబ్బు అడగడం కుదరదు. ఆ కాగితం ప్రింటు తీసి సెక్రటరీకి మర్యాదగా ఇవ్వండి, చాలాచోట్ల అక్కడితో అయిపోతుంది. కానీ అదే కాగితం ఓనరు ముందు పెడితే పని చేయదు. తన ఫ్లాటు ఎవరికివ్వాలో ఆయన ఇష్టం, అగ్రిమెంటులో కుక్క వద్దని రాసి ఉండి మీరు సంతకం పెట్టి ఉంటే అది మిమ్మల్ని కట్టేస్తుంది. సంతకానికి ముందే చదవండి.

మొదట బాగానే ఉన్నారు, ఇప్పుడు ఖాళీ చేయమంటున్నారు

అసలు చెప్పాలనుకున్నది ఇదే. వాళ్లు చెప్పే కారణం రకరకాలుగా ఉంటుంది. అబ్బాయి పెళ్లి కుదిరిందంటారు, రిపేరు చేయించాలంటారు, కుక్క అరుస్తోందంటారు. వాటిలో ఏదీ అసలు కారణం కాకపోవచ్చు.

మేం సి.క్యాంపు దగ్గర ఒక ఇంట్లో మార్చిలో దిగాం. ఓనరు కుటుంబం కింద, మేం పైన. మా కుక్క చోటూ అప్పటికి రెండేళ్లవాడు. మొదటి నెలంతా కింద అవ్వ వాడికి రొట్టె ముక్కలు కూడా వేసేది. జూన్‌లో ఒకరోజు ఇంటాయన పైకొచ్చి కుక్క అరుపులు ఎక్కువయ్యాయి, ఇల్లు చూసుకోండి అన్నాడు. నేను ఫోన్‌లో రోజంతా రికార్డు చేసి, వాడు మొత్తం మీద నాలుగుసార్లు కూడా అరవలేదని వినిపించాను. ఆయన తల దించుకుని విన్నాడు కానీ మాట మార్చలేదు. నెల తిరక్కుండా ఖాళీ చేశాం. సామాను దించే రోజు బీరువా పక్కసందులోంచి తేవాల్సి వచ్చింది. ఆ సందులో నిలబడ్డ రెండు నిమిషాల్లో నాకు విషయం అర్థమైంది. మా బాల్కనీ తూము గొట్టం సరిగ్గా అక్కడే, నేలకు రెండడుగుల ఎత్తులో ఆగిపోయింది. దాని కింద బండంతా పచ్చగా మచ్చలు, ముక్కు మూసుకునేంత వాసన. మూడు గజాల దూరంలో అవ్వ తులసికోట. ముందే చెప్పొచ్చు కదా అవ్వా అంటే ఆమె అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేదు: "ఎట్లా చెప్పేది నాయనా, నువ్వు పాపం రోజూ కడుగుతానే ఉంటివి గదా."

ఆ కడగడమే సమస్య. ఇది మన ఊళ్లో ఏటా ఎలా మొదలవుతుందో చూడండి. ఏప్రిల్ వచ్చేసరికి ఎండ 40 దాటుతుంది. రోడ్డు మీద కుక్క పాదాలు కాలతాయని మధ్యాహ్నం, సాయంత్రం షికార్లు మానేస్తాం, అది సరైన పనే. కుక్క ఆపుకోలేక బాల్కనీలో పోస్తుంది. ఎండాకాలం నీళ్లు పొదుపుగా వాడాలి కాబట్టి రెండు చెంబులు పోసి చీపురుతో తూములోకి తోసేస్తాం. మన ముక్కు ముందు శుభ్రం. ఆ చిక్కటి నీళ్లు గొట్టం వంపులో కొంత నిలిచి, మిగిలింది కింద బండ మీద పడి ఎండిపోతుంది. మూత్రంలో ఉండే పదార్థాలు ఎండి బండకు పట్టేస్తాయి, అవి మామూలు నీళ్లకు సరిగా పోవు. పొడిగా ఉన్నంత కాలం పెద్దగా వాసన ఉండదు, చెమ్మ తగలగానే లేస్తుంది. మృగశిర కార్తెలో మొదటి వాన పడుతుంది, రెండు నెలల వాసన ఒక్క రాత్రిలో కింది వాకిట్లో లేస్తుంది. అందుకే ఈ గొడవలు జూన్, జూలైల్లోనే వస్తాయి. మన ఇళ్లలో బాల్కనీకి, సందుకు పరిచేది ఎక్కువగా బేతంచెర్ల నాపరాయో కడప బండో కావడం, ఆ రాతి సందులు, గరుకు ముఖం దాన్నంతా పీల్చుకోవడం ఇంకో కష్టం. పైన ఉండే మనకు ఆ వాసన అలవాటైపోయి తెలియదు కూడా.

పరీక్ష ఐదు నిమిషాల పని. బకెట్టు నీళ్లలో చిటికెడు పసుపు కలిపి బాల్కనీలో పోసి కిందికి దిగండి. ఆ నీళ్లు ఏ గొట్టంలోంచి వస్తున్నాయి, ఎక్కడ పడుతున్నాయి, అక్కడ ఎవరు నడుస్తారు, ఏముంది, చూడండి. అపార్ట్‌మెంటులో అయితే ఇంకా అవసరం, ఎందుకంటే కొన్నిచోట్ల పై తూము నీళ్లు కింది ఫ్లాటు బాల్కనీ అంచు మీదుగా పోతాయి, బట్టలు ఆరేసేది అక్కడే.

బాగు చేయడానికి మొదటి పని, మూత్రం మీద నీళ్లు పోయడం ఆపండి. పాత పేపరుతోనో గుడ్డతోనో అద్ది చెత్తలో వేయండి, ఆ తర్వాతే కడగండి. పెంపుడు జంతువుల సామాన్ల షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, బండకు పట్టిన ఆ పదార్థాల్ని విరగ్గొట్టేది అదే. మన ఎండకు అది పని మొదలుపెట్టక ముందే ఆరిపోతుంది, కాబట్టి పొద్దు గూకాక పోసి, పైన తడి గోనెసంచి కప్పి రాత్రంతా వదిలేయండి. పాత మచ్చలకు రెండు మూడు రాత్రులు పడుతుంది. దానితో పాటు ఫినాయిల్ వాడితే ఎంజైమ్ చచ్చిపోతుంది, పైగా ఫినాయిల్ తడి మీద నడిచి పాదాలు నాకే కుక్కకు అది విషం. బ్లీచింగ్ పౌడర్ మూత్రం మీద చల్లితే కళ్లు, గొంతు మండే వాయువు వస్తుంది. ఆసిడ్, వెనిగర్ అసలు ముట్టుకోవద్దు, నాపరాయి, కడప బండ రెండూ సున్నపురాయి జాతివే, పొంగి పొడి రాలి గరుకెక్కుతాయి, తర్వాత ఇంకా ఎక్కువ పీలుస్తాయి. అడ్వాన్సులో కోత పడేదీ అక్కడే.

రెండో పని గొట్టం. ఓనరును అడిగి, మీ ఖర్చుతో ప్లంబరును పిలిచి, కింద ఒక ఎల్బో (వంపు ముక్క), నాలుగడుగుల పైపు వేయించి మురుగు ఛాంబరులోకి కలిపించండి. వాననీళ్లు కూడా అందులోంచే పోతాయి కాబట్టి సన్నది వేయనివ్వకండి. కింది బండను కూడా మీరే కడగండి, ఇంటివాళ్లు చూస్తుండగా కడగండి.

మూడోది కుక్క అలవాటు. ఎండాకాలంలో పొద్దున ఆరు లోపు, రాత్రి ఎనిమిది తర్వాత, పడుకునే ముందు ఇంకోసారి, మధ్యాహ్నం నీడలో రెండు నిమిషాలు గేటు దాకా. మూడు నెలల పిల్ల మూడు నాలుగు గంటలకు మించి ఆపుకోలేదు, దాన్ని కొట్టి లాభం లేదు, ఇసుక పోసిన ట్రే పెట్టి రోజూ ఇసుక మార్చండి. కాలెత్తి గ్రిల్ మీద పోసే మగకుక్కకు ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇవన్నీ చేశాక కిందికెళ్లి, వాసన మా వల్లే వచ్చింది, ఇలా బాగు చేయించాం అని మీ నోటితో చెప్పండి. నేను దగ్గరుండి మాట్లాడిన ఇళ్లలో ఈ మాట చెప్పాక పెళ్లి, రిపేరు మళ్లీ ఎత్తనివాళ్లే ఎక్కువ.

నిజంగానే అరుస్తోంది

మీరు లేనప్పుడు ఫోన్ రికార్డింగులో పెట్టి వెళ్లండి. మీరు వెళ్లిన పది నిమిషాల్లో మొదలైతే ఒంటరితనం, ఐదు నిమిషాలు వెళ్లి రావడం, తర్వాత పావుగంట, అలా అలవాటు చేయాలి. ఉండుండి అరిస్తే కిటికీలోంచి వీధి కుక్కలో కోతులో కనిపిస్తున్నాయి, కిటికీ కింది సగానికి కాగితం అంటించండి.

మిగతావి

మీ కుక్క జాతి మీద నిషేధం ఉందంటే భయపడకండి, ప్రమాదకరమంటూ 23 కుక్క జాతుల మీద 2024 మార్చిలో కేంద్రం ఇచ్చిన సర్క్యులర్‌ను ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. ఇంట్లో ఎప్పుడూ పోయని పెద్ద కుక్క ఉన్నట్టుండి పోస్తుంటే అది ఇంటి సమస్య కాదు, మూత్రనాళంలో ఇన్ఫెక్షనో షుగరో అయి ఉండొచ్చు, పశువుల డాక్టరుకు చూపించండి. ఓనరు పోరు పడలేక కుక్కను తుంగభద్ర ఒడ్డున వదిలేసి వస్తామని నాతో అన్నవాళ్లున్నారు. జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం, 1960, సెక్షన్ 11 కింద అది నేరం. ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు ఫోన్ చేసినవాళ్లను ముందు పసుపు నీళ్ల బకెట్టు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లమన్నాను.