గోదావరి జిల్లాల నుంచి ఢిల్లీకి: కట్టడాలు, మ్యూజియాలు చూసే తీరు

ఢిల్లీ చూడాలనుకునేవారు రైలు టిక్కెట్టు కంటే ముందు ఏ రోజు ఏవి మూసి ఉంటాయో చూసుకోవాలి. ఎర్రకోట, జాతీయ మ్యూజియం, రైలు మ్యూజియం, గాంధీ స్మృతి, తీన్‌మూర్తి వద్దనున్న ప్రధానమంత్రి సంగ్రహాలయ సోమవారం తెరవరు. కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి మాత్రం వారమంతా తెరిచే ఉంటాయి కనుక, సోమవారం అక్కడ గడపక తప్పనివారు ఆ రోజును ఈ రెండింటికే కేటాయించుకోవడం మంచిది.

సంక్రాంతి సెలవులకే బయలుదేరాలని మనవారికి సహజంగా అనిపిస్తుంది. అయితే జనవరిలో పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. గణతంత్ర దినోత్సవ సన్నాహాల వల్ల ఇండియా గేట్ పరిసరాల్లో దారులు మూసివేస్తుంటారు. పైగా ఆ చలి మన డెల్టావారు ఓర్చుకోగలిగినది కాదు. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు ముగిసి చేతికి కాస్త తీరిక చిక్కే ఫిబ్రవరి రెండో పక్షం నుంచి మార్చి చివరి వరకు అన్నివిధాలా అనుకూలమైన కాలం. విశాఖపట్నం నుంచి వచ్చే ఏపీ ఎక్స్‌ప్రెస్ సామర్లకోట, రాజమహేంద్రవరం, ఏలూరులలో ఆగుతుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. అమలాపురం వైపువారు రాజమహేంద్రవరం చేరుకుని ఎక్కడం సులువు.

ఒక్క రోజులో ఊరంతా తిప్పి చూపించే బస్సు యాత్రలను నేను సిఫారసు చేయను. వాటిలో గేట్లు కనిపిస్తాయి గాని లోపలి వస్తువులు కనిపించవు. పూటకొక చోటు, రోజుకు రెండు చోట్లు చాలు. వెంట పెద్దవారుంటే ఇంకా తగ్గించుకోవాలి.

నడకకు ఓపిక మిగిలి ఉండే ఉదయపు పూటను జాతీయ మ్యూజియానికి ఇవ్వండి. కేంద్ర సచివాలయం మెట్రో స్టేషన్‌లో దిగి అక్కడికి చేరవచ్చు. హరప్పా గదిలో మొహెంజొదారో నాట్యకత్తె కంచు బొమ్మ కోసం పైపైన చూస్తూ పోతే దాటిపోతారు, అది 10.5 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే. దగ్గరగా నిలబడితే నడుము మీద ఆనించిన కుడి చేయి, నిండుగా గాజులు తొడుక్కున్న ఎడమ చేయి స్పష్టంగా కనిపిస్తాయి. ఆ తరువాత నాగార్జునకొండ శిల్పాల కోసం అడిగి వెళ్లండి. కృష్ణా లోయలో ఇక్ష్వాకుల కాలంలో చెక్కిన ఆ పాలరాతి వంటి సున్నపురాయి శిల్పాలను చూడకుండా తిరిగి వస్తే, తెలుగువారికి ఢిల్లీ ప్రయాణం సగమే అయినట్టు. కొన్ని గదులు అప్పుడప్పుడు మూసి ఉంటాయి కనుక టిక్కెట్టు తీసుకునే చోటే విచారించుకోవాలి.

కుతుబ్ ఆవరణకు వెళ్లినవారు 72.5 మీటర్ల మీనారును చూసి ఫొటో దిగి వెనుదిరుగుతుంటారు. నన్నడిగితే అక్కడ ఎక్కువ సేపు నిలవవలసినది ఇనుప స్తంభం దగ్గర. ఉప్పుగాలికి ఇంటి గేటు కొద్ది ఏళ్లలోనే తుప్పుపట్టే తీరప్రాంతంవారికి, సుమారు 1600 ఏళ్లుగా నిలిచి ఉన్న ఆ ఇనుము ఆశ్చర్యం కలిగించక మానదు. అందులోని భాస్వరం వల్ల పైన ఏర్పడిన పలుచని పొర దానిని కాపాడుతోందని శాస్త్రవేత్తలు వివరిస్తారు. ఢిల్లీ పొడి గాలి కూడా దానికి తోడైంది. స్తంభం చుట్టూ కంచె ఉన్నందున శాసనపు అక్షరాలను కొంత దూరం నుంచే చూడగలం.

హుమాయూన్ సమాధికి సాయంత్రపు ఎండ బాగుంటుంది. తోటను నాలుగు భాగాలుగా విడదీసే నీటి కాలువల వెంట నడిస్తే గాని ఆ కట్టడం కొలత అర్థం కాదు. ఎర్రకోటకు లాల్ ఖిలా మెట్రో స్టేషన్ దగ్గర. షాజహాన్ 1639లో మొదలుపెట్టించిన ఈ కోట 1648లో పూర్తయింది. ఆగస్టు 15కు ముందు కొన్నాళ్లు సందర్శకులను అనుమతించరు. గాంధీజీ 1948 జనవరి 30న హత్యకు గురైన ఇల్లే గాంధీ స్మృతి. ప్రవేశం ఉచితం, రద్దీ తక్కువ, పిల్లలకు తప్పక చూపించవలసిన చోటు.

పురావస్తు శాఖ కట్టడాలలో 15 ఏళ్లలోపు పిల్లలకు టిక్కెట్టు అవసరం లేదు. మధ్యాహ్నం రొట్టెలతో సరిపెట్టుకోలేనివారికి అశోకా రోడ్డులోని ఏపీ భవన్ క్యాంటీన్‌లో పప్పు, పచ్చడితో అన్నం దొరుకుతుంది. ఇండియా గేట్ అక్కడికి దగ్గరే కనుక, భోజనం చేసి యుద్ధ స్మారకం చూడడానికి వెళ్లవచ్చు. ఆగ్రా కూడా కలుపుకునేవారు హజ్రత్ నిజాముద్దీన్ నుంచి ఉదయం బయలుదేరే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కవచ్చు గాని, తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు, ఆ రోజు ఈ రైలు కూడా నడవదు.