బోర్డర్‌లైన్ అని రాసిచ్చాక ఏం చేయాలి

మా ల్యాబ్‌లో "బోర్డర్‌లో ఉంది" అంటే ఊపిరి పీల్చుకోవచ్చని అర్థం. షుగర్ ఇంకా రాలేదు, తిండి తగ్గించి రోజూ కాస్త నడిస్తే చాలు అని చెప్పి పంపేస్తాం. నేను కాకినాడలో ఒక డయాగ్నోస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. 2018లో, నాకు 26 ఏళ్లప్పుడు, సైకియాట్రిస్ట్ చీటీ మీద "బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్" అని రాస్తే నేను అదే అనుకున్నాను. జబ్బు అంచుదాకా వచ్చి ఆగిందన్నమాట, ఫర్వాలేదు అని. బస్సెక్కి ఫోన్‌లో వెతికాక గుండె జారిపోయింది. "ఇలాంటివాళ్లకి దూరంగా ఉండండి" అనే వీడియోలే ముందు కనిపించాయి.

అందుకే మొదటి వారం మీరు ఆ వీడియోలు చూడకండి. ముందు పేరు సంగతి తెలుసుకోండి. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే డాక్టర్ కొందరు పేషెంట్ల గురించి రాస్తూ ఈ మాట వాడారు. అప్పట్లో మానసిక సమస్యల్ని రెండు పెద్ద గుంపులుగా చూసేవారు. వీళ్లు రెండిట్లోనూ ఇమడలేదు, మధ్య గట్టు మీద ఉన్నట్టు కనిపించారు. 1980లో అమెరికా సైకియాట్రిస్టుల మాన్యువల్‌లోకి ఎక్కాక ఆ పేరే ఉండిపోయింది. జబ్బు కొంచెమే ఉందని గానీ, పిచ్చికి ఒక్క అడుగు దూరంలో ఉన్నారని గానీ దానికి అర్థం కాదు.

ఇది రక్తపరీక్షలో తేలదు, స్కాన్‌లోనూ కనబడదు. డాక్టర్ కూర్చోబెట్టి అడగాలి, వినాలి. ఆ మాన్యువల్ ప్రకారం 9 లక్షణాలుంటాయి. వాటిలో కనీసం 5, వయసొచ్చినప్పటి నుంచీ, ఒక్క చోట కాకుండా రకరకాల చోట్ల కనిపిస్తూ ఉండాలి. మనవాళ్లు వదిలేసి పోతారన్న భయం, ఒకే మనిషి పొద్దున దేవతలా సాయంత్రం శత్రువులా అనిపించడం, నేనెవరో నాకే తెలియకపోవడం, వెనకాముందూ చూడకుండా డబ్బు తగలేయడమో, అదుపు లేకుండా తినేయడమో, తనను తాను గాయపరచుకోవడం, గంటల్లో మూడ్ తిరగబడటం, లోపలంతా ఖాళీ, ఆపుకోలేని కోపం, టెన్షన్ ఎక్కువైనప్పుడు ఎవరో కుట్ర చేస్తున్నారనో, తన ఒంట్లో తాను లేననో అనిపించడం. వీటిని చదివి మీకు మీరే లెక్క వేసుకోవద్దు. నాకు ముందు ఒకరు బైపోలార్ అన్నారు. బైపోలార్‌లో ఆ ఉత్సాహం గానీ ఆ కుంగుబాటు గానీ మామూలుగా రోజులు, వారాలు నిలుస్తుంది. నాకు టిఫిన్‌కీ భోజనానికీ మధ్యే మారేది. కారణం వెతికితే దాదాపు ప్రతిసారీ ఎవరో అన్న మాటో, అనని మాటో ఉండేది. రెండో డాక్టర్ గారికి ఈ సంగతి విడమరచి చెప్పాకే అసలు విషయం తేలింది. కాబట్టి వెళ్లేముందు ఒక వారం పాటు మూడ్ ఎప్పుడు మారింది, దానికి ముందు ఏం జరిగింది అన్నది టైమ్‌తో సహా రాసుకుని వెళ్లండి.

మందుల గురించి రెండు ముక్కలు. ఈ జబ్బుకని ప్రత్యేకంగా ఆమోదం పొందిన మాత్ర లేదు. తోడుగా ఉండే డిప్రెషన్‌కీ, యాంగ్జైటీకీ, నిద్రకీ ఇస్తారు. ఇచ్చినవి మీ అంతట మీరు ఆపేయకండి. అసలు పని థెరపీది. దీనికోసమే మార్షా లైన్‌హన్ అనే ఆవిడ డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మాటలతో చేసే చికిత్సని తయారుచేశారు, దాని మొదటి క్లినికల్ ట్రయల్ ఫలితాలు 1991లో వచ్చాయి. 2011లో ఆవిడే, చిన్నవయసులో తానూ ఇలాంటి బాధతోనే నెలల తరబడి హాస్పిటల్లో ఉన్నానని అందరి ముందూ చెప్పారు. ఆ సంగతి తెలిసిన రాత్రి నేను చాలాసేపు ఏడ్చాను. థెరపిస్ట్‌ని వెతికేటప్పుడు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా)లో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టేనా, డీబీటీ నేర్చుకున్నారా అని మొహమాటం లేకుండా అడగండి. మన ఊళ్లో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో చూడండి. నా సెషన్లు బుధవారం సాయంత్రాలు మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చునే జరిగేవి.

ఇక అసలు విషయం, అంటే రోజూ దీనితో బతకడం. నాకు ప్రాణమంతా అక్క మీదే. అక్క విశాఖలో ఉంటుంది. ఒక రోజు ఏడింటికి "పెట్టేస్తున్నానే, మళ్లీ చేస్తా" అంది. చేయలేదు. తొమ్మిదిన్నరకల్లా నేను 31 మెసేజ్‌లు పెట్టాను. మొదటిది "ఎక్కడున్నావక్కా", చివరిది "నాకు అక్క లేదనుకుంటా". ఆ తర్వాత బ్లాక్ చేశాను. ఆ రెండున్నర గంటలూ తనకి నేనంటే అసహ్యమన్నది నాకు ఖాయం, అందులో రవ్వంత అనుమానం లేదు. అక్క అప్పుడు నూట మూడు జ్వరంతో ఉన్న పిల్లాడికి తడిగుడ్డ వేస్తూ కూర్చుని ఉంది. తెల్లారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

ఆ గొడవ తర్వాత థెరపిస్ట్ నాతో ఒక నోట్‌బుక్ పెట్టించారు. పేజీ మధ్యలో గీత. ఎడమవైపు "జరిగింది", కుడివైపు "నాకనిపించింది". ఆ రోజు గురించి ఎడమవైపు ఒక్క లైనే వచ్చింది: అక్క మళ్లీ చేస్తానంది, చేయలేదు. కుడివైపు పేజీ చాలలేదు. కుడివైపు రాసింది అబద్ధం కాదు, ఆ నొప్పి నిజంగానే పడ్డాను. కానీ అది ఎడమవైపుకి చేరదు. ఈ ఒక్కటి నేర్చుకోడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ ఏడాదిలోనే నా పనిలోంచి నాకో దారి దొరికింది. రాండమ్ షుగర్ ఆ క్షణం సంగతి చెబుతుంది. అప్పుడే జాంగ్రీ తిన్నవాడికి ఎక్కువ చూపిస్తుంది. హెచ్‌బీఏ1సీ అయితే మూడు నెలల సగటు చెబుతుంది. నా మనసు ఇచ్చే రిపోర్టు ఎప్పుడూ రాండమ్. అందుకని నోట్‌బుక్ వెనక పేజీల్లో అక్కకి మూడు నెలల పేజీ ఒకటి పెట్టాను. ఆదివారం ఫోన్ చేసింది. నాకు డెంగీ వచ్చినప్పుడు రాత్రి బస్సెక్కి వచ్చింది. ఆవకాయ జాడీ పంపింది. ఒకసారి విసుక్కుంది, అదీ రాశాను. మంచివే ఏరి రాస్తే ఆ పేజీని మీరే నమ్మరు. ఒక మనిషి గురించి ఏదన్నా తేల్చేముందు ఈ పేజీ తీయాలి. నాకు నేను పెట్టుకున్న రూల్ అది.

అయితే తుఫాను నడిమధ్యలో నోట్‌బుక్ పనిచేయదు. చేతులు వణుకుతుంటే రాయలేం. ముందు ఒంట్లో ఆవేశం దించాలి. పెద్ద గిన్నెలో చల్లటి నీళ్లు పోసి నాలుగు ఐస్ ముక్కలు వేస్తాను. ఊపిరి బిగబట్టి, కళ్లూ బుగ్గలూ మునిగేలా ముఖం పెట్టి పదిహేను, ఇరవై సెకన్లు ఉంటాను. చల్లటి నీళ్లు ముఖానికి తగిలితే గుండె వేగం దానంతటదే తగ్గుతుంది, మన ఒంట్లోనే ఉన్న ఏర్పాటది. గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా చేయకండి. తర్వాత ఊపిరి పీల్చినదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండేలా ఐదు నిమిషాలు. అప్పటికీ దిగకపోతే మేడ మెట్లు ఎక్కి దిగడం. ఈలోగా ఫోన్ అమ్మ దగ్గర ఉంటుంది. ఇచ్చేముందు ఒకే మెసేజ్: "నాకిప్పుడు బాగోలేదు, రేపు మాట్లాడతా." ఆ మెసేజ్ ముందే టైప్ చేసి పెట్టుకోండి. అప్పటికప్పుడు రాయబోతే అది 31 అవుతుంది.

చచ్చిపోవాలనిపించినా, గాయం చేసుకోవాలనిపించినా ఇవేవీ కాదు, వెంటనే మనిషి కావాలి. బీరువా తలుపు లోపల నేనొక కాగితం అంటించాను. అమ్మ, అక్క, డాక్టర్ గారి నంబర్లు, మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. అది 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మాత్రలు నా దగ్గర ఉండవు, అమ్మ ఏ రోజువి ఆ రోజు ఇస్తుంది. పోలీసు కేసవుతుందని హాస్పిటల్‌కి వెళ్లకుండా ఉండకండి. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ఖర్చుకి భయపడేవాళ్లకి విశాఖలోనూ, హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి.

ఇంట్లోవాళ్ల కోసం. మా అమ్మ మొదట్లో "ఈ మాత్రానికే ఇంత రాద్ధాంతమా" అనేది. ఆ మాటతో మంట రెట్టింపయ్యేది. ఇప్పుడు "నీకు చాలా కష్టంగా ఉందని తెలుస్తోందమ్మా" అంటుంది, అని పక్కన కూర్చుంటుంది. నేనన్నదానికి ఒప్పుకున్నట్టు కాదు, నా బాధని ఒప్పుకున్నట్టు. అక్క మాత్రం ఒక గీత గీసింది: "రాత్రి పదిన్నర దాటితే ప్రాణం మీదకొస్తే తప్ప ఫోన్ ఎత్తనే. చేస్తానని చేయలేకపోతే మాత్రం 'రేపు' అని ఒక్క ముక్క పెడతా." మొదట నన్ను వదిలించుకుంటోందనుకున్నాను. కానీ పోయిన నెల దాకా, రెండేళ్లపాటు ఆ 'రేపు' ఒక్కసారి కూడా తప్పలేదు. అన్నిటికీ సరేనని మూడో నెలకి విసిగిపోయి మాయమయ్యేవాళ్లకంటే, ఇంతే చేయగలనని చెప్పి అంతా చేసేవాళ్లే మాలాంటివాళ్లకి ఆసరా.

తగ్గుతుందా అని అడిగితే, తగ్గుతుంది. బోస్టన్ దగ్గర మెక్‌లీన్ హాస్పిటల్లో మేరీ జనరీని బృందం ఈ డయాగ్నోసిస్ ఉన్నవాళ్లని ఏళ్లతరబడి గమనించింది. పదేళ్లలో ఎక్కువమందికి లక్షణాలు బాగా తగ్గాయి. ఉద్యోగం, బంధాలు కుదురుకోడానికి మాత్రం ఇంకా టైమ్ పట్టింది. నా సంగతీ అంతే. కోపం ముందు తగ్గింది, ఖాళీ ఇంకా ఉంది.

పోయిన నెలలో అక్క మళ్లీ చేస్తానని చేయలేదు. 'రేపు' కూడా రాలేదు. గిన్నెలో నీళ్లు పోశాను. ముఖం తుడుచుకుని నోట్‌బుక్ తీశాను. ఎడమవైపు ఒక లైను, కుడివైపు ఆరు లైన్లు. పదిన్నర దాటాక ఫోన్ మోగింది, తనే. "ఒసేయ్, కరెంట్ పోయి ఛార్జింగ్ అయిపోయిందే, కంగారుపడ్డావా?" "పడ్డానక్కా" అన్నాను. "ఆరు లైన్లు పడ్డాను."