మిర్రర్‌లెస్ కెమెరాల్లో సబ్జెక్ట్ డిటెక్షన్: ఫోకస్ కంటి మీదే పడాలంటే

కెమెరాలో బర్డ్ డిటెక్షన్ (పక్షిని తానే గుర్తుపట్టే సెట్టింగ్) ఆన్‌లో ఉంది, కొంగ చుట్టూ బాక్స్ కూడా వచ్చింది, తీరా ఇంటికొచ్చి చూస్తే వెనకున్న జమ్ము షార్ప్‌గా, కొంగ మసగ్గా ఉంటుంది. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు దగ్గర ఫోటోలు తీసేవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. వెంటనే లెన్స్ మార్చాలనో, కొత్త కెమెరా బాడీ కొనాలనో అనుకోకండి. డిటెక్షన్ చేసేది ఫ్రేమ్‌లో పక్షి ఎక్కడుంది, కన్ను ఎక్కడుంది అని గుర్తుపట్టడం వరకే. అక్కడికి ఫోకస్ తేవడం మామూలు ఆటోఫోకస్ పని, దానికి దారి చూపాల్సింది మనం.

అన్నిటికన్నా ముఖ్యమైనదీ, ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే: లెన్స్ పూర్తిగా దగ్గరి దూరానికి ఫోకస్ అయి ఉంటే దూరంగా ఉన్న లకుముకి పిట్ట కెమెరాకి ఒక రంగు మరకలా కనిపిస్తుంది, మరకని పిట్టగా గుర్తుపట్టడం ఏ కెమెరా వల్లా కాదు. అందుకే పిట్ట ఉన్నంత దూరంలోనే ఉన్న గట్టు మీదో చెట్టు మీదో ముందు ఫోకస్ చేసి, తర్వాత పిట్ట వైపు తిప్పండి. వెనక పొదల్లో ఫోకస్ ఇరుక్కుపోతే బటన్ పదే పదే నొక్కే బదులు, ఫోకస్ రింగ్‌ని చేత్తో తిప్పి ఫోకస్‌ని కాస్త ముందుకు తెచ్చి మళ్లీ నొక్కండి. లెన్స్ మీద ఫోకస్ లిమిటర్ స్విచ్ (ఏ దూరాల మధ్య ఫోకస్ వెతకాలో పరిమితం చేసేది) ఉంటే దూరంగా ఉన్న పక్షులకి దాన్ని తప్పకుండా వాడండి.

ఇక ఫోకస్ ఏరియా, అంటే ఫ్రేమ్‌లో కెమెరా ఎక్కడ వెతకాలన్నది. ఖాళీ ఆకాశంలో గద్ద తిరుగుతుంటే ఫ్రేమ్ మొత్తం కెమెరాకే వదిలేయొచ్చు. జమ్ములోనో కొమ్మల మధ్యో ఉంటే మాత్రం చిన్న జోన్ పెట్టి, వెతకాల్సిన చోటు మీరే చూపండి. నికాన్ జడ్ సిరీస్‌లో సింగిల్ పాయింట్ పెడితే డిటెక్షన్ పనిచేయదు, వైడ్ ఏరియా, ఆటో ఏరియా, 3డీ ట్రాకింగ్ లాంటివి కావాలి. సబ్జెక్ట్ రకం కూడా చూసుకోండి, మనుషుల ఆప్షన్ పెట్టి పాలపిట్ట కన్ను దొరకలేదంటే ఎలా? ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లూ వదలొద్దు. నికాన్ జడ్8లో పక్షులకి విడి ఆప్షన్ 2024లో వచ్చిన 2.00 ఫర్మ్‌వేర్‌తోనే చేరింది.

పెళ్లిళ్లలో చిక్కు వేరు. పెళ్లికూతురి చుట్టూ పురోహితుడు, మేనమామ, వీడియో వాళ్లు, అందరివీ ముఖాలే, కెమెరా ఎవర్నైనా పట్టుకోవచ్చు. జాయ్‌స్టిక్‌తో ఆమె ముఖం ఎంచుకుని ట్రాకింగ్ మొదలుపెట్టండి. కొన్ని బాడీల్లో ముఖాన్ని ముందే నమోదు చేసుకోవచ్చు, ముహూర్తం టెన్షన్ మొదలవ్వకముందే ఆ పని కానివ్వండి. తలంబ్రాలప్పుడు గింజలు అడ్డుపడి ఫోకస్ ఎగిరిపోతుంటే ట్రాకింగ్ సెన్సిటివిటీ (అడ్డొచ్చినవాటి మీదికి ఫోకస్ ఎంత త్వరగా మారాలో చెప్పే సెట్టింగ్) తగ్గించాలి. ఇక్కడ కంపెనీకో లెక్క ఉంది: సోనీలో 1 పెడితే ఫోకస్ ఉన్నచోటే గట్టిగా నిలుస్తుంది, నికాన్‌లో అదే పనికి 5 పెట్టాలి, కానన్‌లో అయితే మైనస్ వైపు వెళ్లాలి. రెండు కంపెనీల బాడీలు వాడేవాళ్లు ఇది కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది. ఆమె తల వంచుకుని కళ్లు కనబడనప్పుడు అపర్చర్ ఎఫ్1.4తో మొండికేయకుండా ఎఫ్2.8 దాకా వెళ్లండి, ఫోకస్ పాపిటబిళ్ల మీద పడినా ముఖం కొంతైనా నిలబడుతుంది.

డిటెక్షన్ ఆఫ్ చేయాల్సిన సందర్భాలూ ఉంటాయి. లాడ్ బజార్‌లో లక్క గాజులు తీస్తుంటే వెనకున్న దుకాణదారుడి ముఖం మీదికి ఫోకస్ పోతూనే ఉంటుంది. ఆన్, ఆఫ్ రెండూ ఒకే కస్టమ్ బటన్‌కి పెట్టుకుంటే మెనూలో వెతుక్కునే పనుండదు.

ఫోటో మసగ్గా వచ్చిన ప్రతిసారీ నేరం ఆటోఫోకస్‌ది కాదు. ప్లేబ్యాక్‌లో ఫోకస్ పాయింట్ చూడండి. అది కంటి మీదే ఉండి రెక్కలు సాగినట్టు ఉంటే షటర్ స్పీడ్ చాలలేదన్నమాట, ఎగిరే పక్షులకి 1/2000 సెకను దగ్గర మొదలుపెట్టండి. షటర్ సరిపోయినా వరసగా తీసిన ఫోటోలన్నీ మెత్తగా, అలలు తేలినట్టు ఉంటే అది వేడిగాలి ప్రభావం. ఏప్రిల్ మధ్యాహ్నం చెరువు అవతలి ఒడ్డున ఉన్న పక్షికి ఏ సెట్టింగూ పనిచేయదు, పొద్దున్నే వెళ్లాలి, లేదంటే పక్షి దగ్గరికొచ్చేదాకా ఆగాలి.