నల్లగా రావాల్సిన పొడి గోధుమరంగుకు తిరిగిందా? మాగ్నెటైట్-కైటోసాన్ తయారీలో సమస్యలు, పరిష్కారాలు

పరిశ్రమల వ్యర్థజలాల్లోంచి సీసం, క్రోమియం లాంటివి తీసేయడానికి ఇనుముతో చేసే నానోకాంపోజిట్లు (అతి సూక్ష్మ కణాలు కలిసిన మిశ్రమ పదార్థాలు) చాలా ఉన్నాయి. ఎంఎస్సీ ప్రాజెక్టుల్లో, పీహెచ్‌డీ మొదట్లో ఎక్కువమంది చేతికి వచ్చేది మాగ్నెటైట్-కైటోసాన్, అంటే నల్లటి అయస్కాంత ఐరన్ ఆక్సైడ్‌కు రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ కలిపిన పొడి. ఖర్చు తక్కువ, పని అయ్యాక అయస్కాంతంతో లాగేయొచ్చు. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

ముందు మాగ్నెటైట్ లెక్క. ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 5.4 గ్రాములు, ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 2.78 గ్రాములు తీసుకుంటే ఫెర్రిక్ (3+), ఫెర్రస్ (2+) ఇనుము అయాన్లు 2:1లో ఉంటాయి. అమ్మోనియాతో పీహెచ్ 10 దాటిస్తే 2.3 గ్రాముల దాకా మాగ్నెటైట్ రావాలి. 3 గ్రాములు వచ్చిందని సంబరపడకండి. అది కడగని లవణమో, ఆరని తేమో అయి ఉంటుంది.

సమస్య: అమ్మోనియా పోస్తే నల్లగా కాకుండా తుప్పు రంగు వచ్చింది

ఫెర్రస్ ఇనుములో కొంత గాలికి ఆక్సీకరణం చెంది ఫెర్రిక్ అయిపోయింది. 2:1 నిష్పత్తి చెడి, మాగ్నెటైట్ బదులు గోథైట్ లాంటి తుప్పురంగు ఇనుము సమ్మేళనాలు దిగాయి. చాలాసార్లు తప్పు సీసాలోనే ఉంటుంది. ఫెర్రస్ సల్ఫేట్ స్ఫటికాలు లేత ఆకుపచ్చగా ఉండాలి. పైన పసుపు, గోధుమ పొర కట్టి ఉంటే ఆ సీసా పక్కన పెట్టేయండి.

నీటిని మరిగించి, మూతపెట్టి చల్లార్చి, అరగంట నైట్రోజన్ పంపి, ఫెర్రస్ ద్రావణం అప్పటికప్పుడు కలుపుకోండి. ముందురోజు కలిపి పెట్టుకోవద్దు. ల్యాబ్‌లో నైట్రోజన్ సిలిండర్ లేకపోతే ఫెర్రస్ వంతు కాస్త పెంచి 3:2లో చేసేవాళ్లూ ఉన్నారు. గాలికి పోయేది పోగా సరిపోతుందని వాళ్ల లెక్క. పని జరుగుతుంది కానీ బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా వస్తుంది.

నల్లగానే వచ్చి, ఓవెన్‌లో పెట్టాక గోధుమరంగుకు తిరిగితే కారణం వేరు. వేడికి, గాలికి మాగ్నెటైట్ మాగ్హెమైట్ అనే గోధుమరంగు ఐరన్ ఆక్సైడ్‌గా మారింది. ఇదీ అయస్కాంతానికి అతుక్కుంటుంది కాబట్టి అయస్కాంత పరీక్షతో తేడా తెలియదు. మామూలు ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) కూడా రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. దీన్ని పారేయాల్సిన పని లేదు, మాగ్హెమైట్ కూడా లోహాలను పట్టుకుంటుంది. ఈసారి వాక్యూమ్‌లో 60 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టండి. థీసిస్‌లో మాత్రం దాన్ని మాగ్నెటైట్ అని రాయకండి.

సమస్య: పొడి గడ్డకడుతోంది

మాగ్నెటిక్ స్టిర్రర్ వాడారా? కణాలన్నీ తిరిగే బార్ చుట్టూ చేరతాయి. పైనుంచి తిప్పే ఓవర్‌హెడ్ స్టిర్రర్ వాడండి. తర్వాత నీళ్లలో జరిగే పరీక్షలకు షేకర్ పెట్టండి.

సమస్య: క్రోమియం పరీక్షలో పొడి జిగురుగా మారి కరిగిపోతోంది

ఆరు విలువల క్రోమియం, అంటే Cr(VI), నీళ్లలో రుణావేశమున్న క్రోమేట్‌గా ఉంటుంది. ఆమ్లంలో కైటోసాన్ అమైన్ గ్రూపులు ధనావేశం పొందుతాయి కాబట్టి పీహెచ్ 2-4లో దాన్ని బాగా లాగుతాయి. చిక్కేమిటంటే, అదే ఆమ్లంలో కైటోసాన్ కరుగుతుంది. గ్లుటరాల్డిహైడ్‌తో క్రాస్‌లింక్ చేస్తే, అంటే దాని గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తే, నిలబడుతుంది. కానీ గ్లుటరాల్డిహైడ్ ఎక్కువైతే ఆ అమైన్ గ్రూపులే ఖర్చయిపోయి సామర్థ్యం తగ్గుతుంది. తక్కువతో మొదలుపెట్టి, ఆమ్లంలో ఒక రాత్రి నిలబడితే అక్కడితో ఆపండి.

కైటోసాన్ రొయ్య పెంకుల నుంచి వచ్చే సరుకు కదా, బ్యాచ్ మారితే డీఎసిటైలేషన్ శాతం (అందులో ఎంత మేర అమైన్ గ్రూపులు ఉన్నాయో చెప్పేది) మారుతుంది. కొత్త డబ్బా తెరిచాక ఫలితాలు తేడాగా వస్తే ముందు ఆ శాతమే చూడండి.

సమస్య: సీసం 99 శాతం పోయింది

ఇది సమస్యా అంటారేమో. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది ఇదే. పీహెచ్ 6 దాటేసరికి సీసం దానంతటదే హైడ్రాక్సైడ్‌గా అవక్షేపించడం మొదలవుతుంది. మీ పొడి ఏ పనీ చేయకపోయినా ఫిల్టర్ అయ్యాక నీళ్లలో సీసం కనిపించదు. మీరు పీహెచ్ 5లో మొదలుపెట్టినా, సరిగా కడగని పొడిలో మిగిలిన అమ్మోనియా దాన్ని 8కి లాగొచ్చు. అందుకే పీహెచ్ ముందు ఒకసారి, చివర ఒకసారి చూడాలి. కడిగిన నీళ్లు తటస్థం అయ్యేదాకా పొడిని కడగాలి. పొడి వేయని బ్లాంక్‌ను అదే పీహెచ్‌లో పక్కనే నడపాలి. బ్లాంక్‌లోనూ సీసం తగ్గితే ఆ శాతానికి విలువ లేదు. 5-5.5 మధ్య చేయండి. పీహెచ్ సర్దడానికి నైట్రిక్ ఆమ్లమే వాడండి. సల్ఫ్యూరిక్ పోస్తే లెడ్ సల్ఫేట్‌గా, ఫాస్ఫేట్ బఫర్ పోస్తే లెడ్ ఫాస్ఫేట్‌గా సీసం అవక్షేపించిపోతుంది.

సమస్య: డైఫినైల్‌కార్బజైడ్ రంగు రాలేదు, ఏఏఎస్‌లో మాత్రం క్రోమియం ఉంది

రెండూ నిజమే. డైఫినైల్‌కార్బజైడ్ కలిపితే వచ్చే, 540 నానోమీటర్ల దగ్గర చదివే ఆ ఊదారంగు ఆరు విలువల క్రోమియానిదే; ఏఏఎస్ (అటామిక్ అబ్జార్ప్షన్ స్పెక్ట్రోమీటర్) మాత్రం మొత్తం క్రోమియాన్ని కొలుస్తుంది. మాగ్నెటైట్‌లోని ఫెర్రస్ దాన్ని మూడు విలువలకు తగ్గించేసింది, ఆమ్లంలో అది కరిగే ఉంటుంది. విషం తగ్గింది గానీ లోహం నీళ్లలోనే ఉంది. పొడి తీసేశాక పీహెచ్ 8కి తెస్తే క్రోమియం హైడ్రాక్సైడ్‌గా దిగుతుంది. మన దేశంలో వ్యర్థజలాలను నదులు, చెరువుల్లోకి వదలడానికి సాధారణ పరిమితి ఆరు విలువల క్రోమియానికి లీటరుకు 0.1 మిల్లీగ్రాములు, మొత్తం క్రోమియానికి 2 మిల్లీగ్రాములు. కాబట్టి రెండూ కొలిచి రెండూ రాయండి.

సమస్య: ల్యాబ్ ద్రావణంలో బాగుంది, ప్లేటింగ్ (లోహపూత) యూనిట్ నీళ్లలో పని చేయలేదు

అక్కడ క్రోమేట్‌తో సల్ఫేట్ పోటీపడుతుంది, సీసంతో కాల్షియం పోటీపడుతుంది. ఈడీటీఏ లాంటివి ఉంటే లోహాన్ని పట్టుకుని పొడి వైపు రానివ్వవు. డోస్ పెంచే ముందు ఆ నీటిలో ఏమేం ఉన్నాయో చూసుకోండి. మీ ల్యాబ్ ద్రావణంలో ఒక్కో అయాన్ విడిగా కలుపుతూ పోతే ఎవరు అడ్డం పడుతున్నారో బయటపడుతుంది.

సమస్య: మూడోసారి వాడేసరికి పని చేయడం లేదు

సీసం విడిపించడానికి గాఢ ఆమ్లం పోసి ఉంటారు, దాంతోపాటు ఇనుమూ కరిగింది. సీసానికి పలుచని ఈడీటీఏ, క్రోమేట్‌కు 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ మేలు. ప్రతిసారీ నీళ్లలోకి దిగిన ఇనుమును కూడా కొలవండి. ఇక పనికిరాదనుకున్న పొడి ప్రమాదకర వ్యర్థమే. సింక్‌లో పారబోయకుండా, మూత బిగించి, లేబుల్ వేసి, ల్యాబ్ ప్రమాదకర వ్యర్థాలతో పంపాలి. అవి చేరాల్సిన చోటు హైదరాబాద్ దగ్గరి దుండిగల్, విశాఖ దగ్గరి పరవాడల్లో ఉన్నటువంటి ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రాలు.