పెన్న వెంట పది నిమిషాల సినిమా: తాడిపత్రి నుంచి గండికోట దాకా ఫోనుతో తీసే తీరు

గండికోట వీడియోలకు కొదవ లేదు. చాలావాటిలో మొదటి క్షణంలోనే లోయ ప్రత్యక్షమవుతుంది, పైన డ్రోను తిరుగుతుంది, సంగీతం హోరెత్తుతుంది, ఒకటిన్నర నిమిషంలో అంతా అయిపోతుంది. చూసినవాళ్లు బాగుందనుకుని వేలితో పైకి జరిపేస్తారు. బ్యాగు మాత్రం సర్దుకోరు. ఎందుకంటే అందులో లోయ ఉంది గానీ లోయకు పోయే దారి లేదు. బస్సు కోసం నిలబడటం, పొద్దున్నే తిన్న టిఫిను, రాళ్ల మీద నడక, ఎండకు పట్టిన చెమట కనిపిస్తేనే చూసే మనిషి తనను అక్కడ ఊహించుకుంటాడు. "మనమూ పోదాం పా" అనిపించే సినిమా తీయాలంటే ఆ దారిని తీయాలి.

ఖరీదైన కెమెరా అక్కర్లేదు. నాలుగైదేళ్ల పాత ఫోనైనా సరే, మనసు పెట్టి పట్టుకుంటే చాలు.

ముందు కాగితం మీద

రెండు రోజులు, మూడు చోట్లు, ఒక ప్రశ్న. ఇంతకు మించి పెట్టుకుంటే పది నిమిషాల్లో ఇమడదు. ఈ దారికి బాగా నప్పే ప్రశ్న: "ఈ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?"

తాడిపత్రిలో పెన్న ఒడ్డునే బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది. బుగ్గ అంటే ఊట. లింగం దగ్గర నీరు ఊరుతూనే ఉంటుంది కాబట్టి ఆ పేరు. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు. నేల కింద నీరు సున్నపురాయిని కరిగించి తొలిచిన దారులవి. పాత కర్నూలు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 నుంచి నంద్యాల జిల్లా కిందికి వచ్చింది. ఇక గండికోట దగ్గర అదే పెన్న ఎర్రమల కొండలను నిలువునా కోసుకుంటూ పోతుంది. మూడు చోట్లా పని చేసింది నీళ్లే. ఈ తీగ దొరికితే సినిమాకు వెన్నెముక దొరికినట్టే. ఎన్ని అందమైన షాట్లున్నా ఈ ప్రశ్నకు సంబంధం లేనిదాన్ని ధైర్యంగా పక్కన పెట్టేయొచ్చు.

చిత్రీకరణకు ముందే స్క్రిప్టును పక్కాగా సిద్ధం చేసుకుంటారని పేరున్న దర్శకుడు కె.వి.రెడ్డి పుట్టింది తాడిపత్రిలోనే. ఆయన ఊళ్లో మొదలుపెడుతున్నప్పుడు ఆయన పద్ధతే పాటిద్దాం. పది నిమిషాలంటే 600 సెకన్లు. సగటున ఒక్కో షాటు ఐదు సెకన్లు అనుకుంటే 120 షాట్లు కావాలి. ఒకటి వాడటానికి మూడు తీస్తే 360. ఒక్కోదాన్ని పది సెకన్లు పట్టి ఉంచితే మొత్తం గంట ఫుటేజీ. మనుషులతో మాటలు ఇంకో అరగంట. అంతకన్నా ఎక్కువ తీస్తే ఎడిటింగుకు కూర్చోవడానికే భయం వేస్తుంది. ఇలాంటి సినిమాలు చాలా వరకు ఆగిపోయేది అక్కడే.

ఫోను సెట్టింగులు

అడ్డంగా పట్టుకోవాలి. 1080పీ, సెకనుకు 25 ఫ్రేములు. 25 లేని ఫోనైతే 30. ఈ లెక్కన ఫోనును బట్టి నిమిషానికి 60 నుంచి 150 ఎంబీ దాకా పడుతుంది. గంటన్నరకు 14 జీబీ దాటదు. బయల్దేరే ముందు 20 జీబీ ఖాళీ చేసుకోండి. షూటింగులో ఉన్నంతసేపూ ఏరోప్లేన్ మోడ్ వేయండి. లేకపోతే షాటు మధ్యలో ఫోను మోగి అక్కడికక్కడ రికార్డింగు ఆగిపోతుంది.

ఎక్స్‌పోజరు (బొమ్మకు అందే వెలుగు), ఫోకసు లాక్ చేయడం తప్పనిసరి. తెర మీద మీకు కావలసిన చోట వేలు నొక్కి పట్టుకుంటే లాక్ పడుతుంది. తర్వాత వేలు కిందికి జరిపి వెలుగు కాస్త తగ్గించండి. లాక్ చేయకపోతే ఎవరో తెల్ల చొక్కా వేసుకుని ఎదురుగా నడిచిన ప్రతిసారీ బొమ్మ మొత్తం నల్లబడి మళ్లీ తెల్లబడుతుంది. వేళ్లతో జూమ్ చేయొద్దు, నాలుగడుగులు ముందుకు నడవండి. ప్రతి షాటు ముందూ లెన్సును మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. జేబులోంచి తీసిన ఫోను లెన్సు మీద నూనె మరక ఉండి తీరుతుంది. ఎండకు ఎదురుగా పెట్టినప్పుడు ఆ మరకే పొగమంచులా కనిపిస్తుంది.

తాడిపత్రి: చేతులతో మొదలుపెట్టండి

రైలు దిగిన వెంటనే గుడికి పోవద్దు. ముందు ఉగ్గాని, అంటే నానబెట్టిన బొరుగులతో చేసే టిఫిను, అమ్మే బండి దగ్గరికి పోండి. సినిమాలో మనిషి కనబడాల్సిన చోటు ఇదే. ఒక పనిని ఐదు షాట్లలో ఎలా చెప్పాలో ఇక్కడ నేర్చుకోవచ్చు.

మొదటిది చేతులు: నీళ్లలో వేసిన బొరుగులను పిడికిలితో పిండుతుంటే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారడం. ఒక చెయ్యంత దూరం నుంచి, కదలకుండా పది సెకన్లు. రెండోది ఆ చేతుల యజమాని ముఖం. పిండేటప్పుడు ఆమె చూపు చేతుల మీద ఉండదు, తర్వాత వచ్చే గిరాకీ మీద ఉంటుంది. అది దొరకాలి. మూడోది దూరం నుంచి బండి, బాణలి, నిలబడిన జనం. నాలుగోది ఆమె భుజం మీదుగా: పోపులో ఉల్లిపాయలు, పచ్చిమిరప ముక్కలు చిటపటలాడుతుంటే పసుపు పడడం, పుట్నాల పొడి చల్లడం. ఐదోది ఎవరూ ఊహించని కోణం: నూనెలోంచి తేలుతున్న మిరపకాయ బజ్జీ పక్కనుంచి, లేదా పళ్లెం అంచు ఎత్తు నుంచి. ఆవిరి లెన్సుకు తగలకుండా అడుగు దూరం ఉంచండి.

ఈ ఐదూ వరసగా అతికిస్తే అరనిమిషంలో ఆ ఊరి పొద్దు కళ్లకు కడుతుంది. పైగా మన సినిమాలో మొదటి నీటిచుక్క ఆమె వేళ్ల సందుల్లోంచే కారుతుంది. ముందే "అక్కా, తీసుకోమంటావా" అని అడగండి. వద్దంటే ఇంకో బండి చూసుకోండి. ఒప్పుకుంటే కెమెరా తీసే ముందు టిఫిను తినండి. తిన్న తర్వాత మాట కలుస్తుంది, ముఖంలో బిగువు పోతుంది.

బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో రెండు గోపురాలు పూర్తికాకుండానే ఆగిపోయాయి. వాటి మీది శిల్పాలకు పొద్దుటి ఏటవాలు ఎండలోనే లోతు వస్తుంది. పది దాటాక ఎండ నెత్తి మీదికి వస్తుంటే చెక్కుళ్లన్నీ చదునుగా కనిపిస్తాయి. చింతల వెంకటరమణుడి గుడిలో రాతి రథం ఆకారంలో గరుడ మండపం ఉంది, చూసి తీరాలి. కానీ మన ప్రశ్నకు బుగ్గ గుడే దగ్గర. గర్భగుడిలో ఫోను తీయొద్దు. ఊట గురించి అర్చకుల్ని బయట మాట్లాడించి, ఆ మాట మీద ఏటి ఒడ్డు చూపించండి.

బెలుం: చీకటిలో వచ్చే చిక్కులు

దారిలో కొలిమిగుండ్ల వైపు నాపరాయి గనులు, పాలిష్ బండల గుట్టలు కనిపిస్తాయి. సీమ ఇళ్లలో నేలకు పరిచే ఆ బండ, బెలుం గుహ గోడ ఒకే జాతి సున్నపురాయి. ఏదైనా ఇంట్లో తుడిచిన నాపబండ మీద తడి ఆరుతుండగా దగ్గరగా ఒక షాటు తీసి, దాని పక్కనే గుహ గోడ మీది తడిని అతికించండి. ఒక్క మాట చెప్పకుండానే విషయం అర్థమవుతుంది.

గుహల్ని 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ లోకానికి తెలియజేశాడు. డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం 1982, 83లలో కొలిచింది. గుర్తించిన పొడవు 3,229 మీటర్లు. అందులో కొంత మేరకే మనం తిరగగలం. అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ, నేల మట్టానికి 46 మీటర్ల కింద. మన ప్రశ్నకు గుండెకాయ లాంటి షాటు అక్కడే. కిందికి దిగి నీళ్లు మాయమయ్యే చోట ఫోను నిలిపి అరనిమిషం మాట్లాడకుండా ఉండండి. తెరవగానే మొదటి గుంపుతో పోతేనే ఆ నిశ్శబ్దం దొరుకుతుంది.

లోపల ఎదురయ్యే చిక్కులు చెప్పుకుందాం. గుహలో ఉక్క. ఏసీ కారులోంచి దిగి నేరుగా పోతే చల్లబడిన లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. ఫోను బయట గాలికి 15 నిమిషాలు ఉంచి అప్పుడు దిగండి. రెండోది, వీడియోలో నల్లటి పట్టీలు కదలడం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరా పట్టేస్తుంది. సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో షట్టరు (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెడితే పట్టీలు పోతాయి. 1/60 పెడితే పోవు. మూడోది రంగు. ఆటోలో వదిలితే నాలుగడుగులకోసారి గోడ పసుపు నుంచి నీలానికి మారుతుంది. వైట్ బ్యాలెన్సు, అంటే రంగుల సర్దుబాటు, ఒకచోట లాక్ చేసి, ఆ పసుపును అలాగే రానివ్వండి.

అల్ట్రావైడ్ లెన్సు వాడొద్దు. చాలా ఫోన్లలో దానికి వెలుగు తక్కువగా అందుతుంది, బొమ్మ నిండా రవ్వ చల్లినట్టు చుక్కలు వస్తాయి. మెయిన్ లెన్సే వాడి, రెండు మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి వదులుతూ తీయండి. నడుస్తూ తీసే షాటు చీకట్లో ఎప్పుడూ అలుక్కుపోతుంది. సప్తస్వరాల గుహలో రాతి ఊడలను తట్టి శబ్దం వినిపించాలని చూస్తారు చాలామంది. తట్టొద్దు, తట్టేవాళ్లను తీయొద్దు. ఆ ఊడలు వేల ఏళ్లపాటు చుక్కచుక్కగా పెరిగినవి. మన సినిమా చూసి వచ్చేవాళ్లు కూడా తడతారు.

గండికోట: లోయను దాచి ఉంచండి

జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు. బస్సులు తక్కువ. వేళలు ముందు రోజే డిపోలో కనుక్కోండి, లేదా ఆటో మాట్లాడుకోండి. రాత్రికి అక్కడే బస చేయడం అన్నిటికన్నా మేలు, ఎందుకంటే అసలు షాటు తెల్లవారుజామున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యోదయం దాదాపు 6.30 నుంచి 6.45 మధ్య. ఐదున్నరకల్లా టార్చి పట్టుకుని బయల్దేరండి.

కోట వాకిలి, ధాన్యాగారం, జామియా మసీదు, మాధవరాయ ఆలయం దాటుతూ లోయ అంచుకు నడుస్తారు. ఈ నడకే ప్రాణం. చెప్పుల కింద గులకరాళ్ల చప్పుడు, ముందు నడిచే మనిషి వీపు, రాళ్లను పట్టుకుని ఎక్కే చెయ్యి, వీటిని కనీసం నిమిషం పాటు చూపండి. లోయ మాత్రం ఒక్క ఫ్రేములోనూ పడకూడదు. చివరి రాయి ఎక్కాక కూడా ముందు చూసేవాడి ముఖం, ఆ తర్వాతే లోయ. అప్పుడు ఇరవై సెకన్లు కదలకుండా పట్టి ఉంచండి. అటూ ఇటూ తిప్పి చూపాలని చెయ్యి తహతహలాడుతుంది. తిప్పొద్దు. ఎండ ముందు ఎదుటి కొండ నెత్తిన పడి, మెల్లగా ఎర్రరాతి పొరల మీదుగా కిందికి దిగుతుంది. ఫోను ఒక బండకు ఆనించి పెట్టి ఆ దిగడాన్ని టైమ్‌లాప్స్‌గా (చాలాసేపటి మార్పు కొన్ని సెకన్లలో కనిపించేలా) తీస్తే, అంచెలంచెలుగా పేర్చినట్టున్న రాయి బయటపడుతుంది. ఎక్స్‌పోజరు లాక్ చేసేది వెలుగుపడ్డ రాతి మీద, ఆకాశం మీద కాదు.

అంచున అన్నిచోట్లా కంచె లేదు, రాళ్లు వదులుగా ఉంటాయి. తీసేవాడి వెనక ఒకరు నిలబడి నడుము దగ్గర చొక్కా పట్టుకోవాలి. తెర చూస్తూ వెనక్కి అడుగు వేయడమే పెద్ద ప్రమాదం. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల దగ్గర ట్రైపాడ్‌కు, డ్రోనుకు ముందుగా అనుమతి కావాలి. బండ, గోడ, మోకాలు చాలు మనకు.

మార్చి తర్వాత ఈ పని పెట్టుకోవద్దు. సీమ ఎండకు ఫోను వేడెక్కి ఆగిపోతుంది. ఆగిపోతే నీడలో ఉంచి, కవరు తీసి, విసనకర్రతో విసరండి. చల్లటి నీళ్ల సీసాకు ఆనిస్తే లోపల తేమ చేరుతుంది.

శబ్దం

సగం సినిమా శబ్దమే. అయినా అందరూ వదిలేసేది దాన్నే. లోయ అంచున గాలి నేరుగా మైకుకు కొట్టి బుర్రుమనే రొద తప్ప ఏమీ మిగలదు. ఆ రొద ఏ సాఫ్ట్‌వేరుతోనూ పూర్తిగా పోదు. మాట్లాడే మనిషి చొక్కా జేబులో రెండో ఫోను రికార్డరుగా పెట్టండి. గాలికి వీపు పెట్టి నిలబడమనండి. మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే, ఆ చప్పుడు దగ్గర బొమ్మను, ధ్వనిని తర్వాత కలుపుకోవచ్చు. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ఒక్క నిమిషం ఊరికే రికార్డు చేయండి: ఉగ్గాని బండి పోపు, గుహలో చుక్క పడే చప్పుడు, కోటలో గొర్రెల మెడగంటలు. వీటిని బొమ్మకన్నా రెండు సెకన్లు ముందే వినిపిస్తే ఒక చోటు నుంచి ఇంకో చోటికి సాఫీగా దాటుతారు. సినిమా పాటలు వాడితే హక్కుల గొడవతో వీడియో పోతుంది. పైగా పాట గుర్తుంటుంది, పెన్న గుర్తుండదు.

ఎడిటింగు

కంప్యూటరుంటే డావిన్సీ రిసాల్వ్ ఉచితంగా దొరుకుతుంది. ఫోనులోనే చేయాలంటే కైన్‌మాస్టర్ లాంటివి చాలు, ఉచిత రకంలో వాటర్‌మార్కు పడుతుంది. కంప్యూటర్లో పెట్టాక పెదాలకూ మాటకూ పొంతన తప్పితే భయపడొద్దు. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ రికార్డు చేస్తాయి, అందుకే అది జరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో స్థిర ఫ్రేము వేగానికి మార్చుకుని మళ్లీ పెట్టండి.

కొలత ఇలా ఉంచుకోండి: తాడిపత్రి రెండున్నర నిమిషాలు, దారి ఒకటిన్నర, బెలుం మూడు, గండికోట మూడు. లోయ ఎనిమిదో నిమిషం తర్వాతే. వ్యాఖ్యానం కనబడేదాన్నే మళ్లీ చెప్పకూడదు. "ఇది గండికోట లోయ" అనే మాట అవసరమే లేదు. "తాడిపత్రిలో చూసిన ఏరే ఇది" అంటే చాలు, మిగతాది కన్ను చూసుకుంటుంది.

పూర్తయ్యాక, ఈ చోట్లు చూడని ఒకరికి చూపించండి. మీరు తెర చూడొద్దు, వాళ్ల ముఖం చూడండి. చూపు పక్కకు పోయిన ప్రతిసారీ సమయం రాసుకుని, ఆ చోట రెండు మూడు షాట్లు తీసేయండి. చివర ఎనిమిది సెకన్లు తెలుగులో ఒక పలక వేయండి: దిగాల్సిన స్టేషను, ఒక్కో చోటికి కిలోమీటర్లు, గండికోటకు పోయే బస్సు వేళలు, మీరు కనుక్కున్న తేదీ.