స్టాప్‌లాస్ పెట్టినా ఖాతా ఎందుకు కరుగుతోంది?

(అమెరికాలో ఉండి ఫారెక్స్, అంటే కరెన్సీలు, ట్రేడ్ చేసేవాళ్ల కోసం రాసింది. స్టాప్‌లాస్ అంటే నష్టం మనం పెట్టిన ధరకు చేరగానే ట్రేడ్‌ను మూసేసే ఆర్డర్. ఇండియాలో ఉంటే విదేశీ ఫారెక్స్ యాప్‌ల జోలికి పోకండి, ఫెమా (విదేశీ మారక చట్టం) ఒప్పుకోదు.)

సమస్య: యూరో-డాలర్‌లో 25 పిప్స్ (పిప్ అంటే ధరలో 0.0001 కదలిక) స్టాప్ తగిలింది. 5,000 డాలర్ల ఖాతాలో 500 పోయాయి.

కారణం లాట్ సైజు, అంటే ఒక్క ట్రేడ్‌లో ఎంత కరెన్సీ కొన్నామన్నది. అది చూడకుండా అందరూ ఇండికేటర్లు మారుస్తారు! 50 రెట్ల లెవరేజ్ (చేతిలో ఉన్నదానికి 50 రెట్ల ట్రేడ్) ఉంది కాబట్టి, ధర 1.10 దగ్గర 4,400 డాలర్ల మార్జిన్‌కే (ట్రేడ్ కోసం పక్కన పెట్టే డబ్బు) 2 స్టాండర్డ్ లాట్లు, అంటే 2 లక్షల యూరోలు, వచ్చేస్తాయి. పిప్‌కి 20 డాలర్లు. మార్జిన్ సరిపోయిందని సైజు సరైనట్టు కాదు.

పరిష్కారం: లెక్క స్టాప్ దగ్గర మొదలుపెట్టండి. పోయినా ఫరవాలేదనుకునేది 1 శాతం, అంటే 50 డాలర్లు. 25తో భాగిస్తే పిప్‌కి 2 డాలర్లు. మైక్రో లాట్‌కి (1,000 యూరోలు) పిప్ 10 సెంట్లు కాబట్టి 20 మైక్రో లాట్లు. యెన్ జతల్లో పిప్ విలువ వేరు, మళ్లీ లెక్కేసుకోండి.

సమస్య: సైజు సరిగ్గానే ఉంది. అయినా ఒక్క పూటలో 3 శాతం పోయింది.

నన్ను చాలాసార్లు ముంచింది ఇదే. యూరో-డాలర్ కొన్నాను, పౌండ్-డాలర్ కొన్నాను, డాలర్-ఫ్రాంక్ అమ్మాను. ఒక్కోదానిలో రిస్క్ 1 శాతమే. ఉద్యోగాల రిపోర్టు వచ్చి డాలర్ లేచింది, మూడు స్టాపులూ నిమిషాల్లో తెగాయి. డైరీలో మూడు చిన్న నష్టాలుగా రాసుకుని, ఆ రోజు టైం బాగోలేదనుకున్నాను. నిజానికి మూడుసార్లు ఒకే పందెం కాశాను: డాలర్ పడుతుందని.

దీన్ని పట్టుకోవాలంటే ఓపెన్ ట్రేడ్లన్నిటినీ కరెన్సీలుగా విడదీయండి. 1.10 దగ్గర 20,000 యూరోలు కొంటే 22,000 డాలర్లు అమ్మినట్టే. 1.30 దగ్గర 16,000 పౌండ్లు కొంటే ఇంకో 20,800. డాలర్-ఫ్రాంక్‌లో అమ్మినవి 20,000. మొత్తం 62,800 డాలర్లు, ఖాతాకు పన్నెండు రెట్లు దాటింది. అప్పుడు ఆ 50 డాలర్ల రిస్క్‌నే మూడింటికీ పంచండి, లేదా నమ్మకమున్న ఒక్కటే ఉంచండి. యూరో-డాలర్ కొని యూరో-పౌండ్ అమ్మితే మాత్రం యూరోలు కొట్టుకుపోయి, చేతిలో మిగిలేది పౌండ్-డాలరే. కమిషన్ రెండుసార్లు కట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు.

స్టాప్‌ను దాటి పెద్ద గ్యాప్ రావడం, అంటే ధర మధ్యలో ఆగకుండా ఒక్కసారిగా గెంతడం, అరుదు. 2015 జనవరి 15న స్విస్ ఫ్రాంక్‌లో వచ్చింది. అది గురువారం, కాబట్టి ముందే సైజు చిన్నదిగా ఉంచుకోవడమే రక్షణ; వారాంతపు గ్యాప్ కోసమైతే శుక్రవారం సాయంత్రానికి తగ్గించుకోండి. రాత్రికి ట్రేడ్ ఉంచితే పడే స్వాప్ ఛార్జీలతో ఇంత నష్టం రాదు.